రంగులు అప్పుడే ఇచ్చెయ్యకండి

గుడివాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తున్నారట. కేలెండర్లలోని దేవుళ్లను చూసి అచ్చు గుద్దినట్లు దించుతారట. ఇంటికి వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారే. అలాంటిది, ఆరు నెలలుగా కుంచె పట్టుకుంటే ఏడుపొస్తోందట. "నాలో కళ ఇంకిపోయిందండీ. రంగులు ఎవరికైనా ఇచ్చేస్తాను. పక్కింటి పాప నేర్పమని వెంటబడుతోంది; చేతగానిదాన్ని, ఏం నేర్పను?" అని అడిగారు.

అమ్మా, ఆ రంగులు కొన్నాళ్లు బీరువాలోనే ఉంచండి. మీకు దగ్గరలోనే ఉన్న బందరులో కొన్నేళ్లు పనిచేసిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను.

ప్రమోదకుమార ఛటోపాధ్యాయగారు బెంగాలీ. 1885లో పుట్టారు. కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో దొరల పద్ధతిలో బొమ్మలు వేయడం నేర్చారు. చెయ్యి తిరిగింది గాని మనసు నిలవలేదు. ఇల్లు విడిచి సాధువుల వెంట హిమాలయాల్లో తిరిగారు. కైలాసం, మానససరోవరం దాకా వెళ్లారు. పొయ్యి మీద పప్పు పెట్టుకుని మనం కైలాసం ఎక్కడికి పోతామని మీరు నవ్వుకోవచ్చు. నిజమే! కాని తిరిగి వచ్చాక ఆయన ఏం చేశారో చూడండి. నేర్చిన దొరల పద్ధతి పక్కన పెట్టి, దేవతల్ని మన దేశపు రీతిలో వేయసాగారు. ఎండిపోయింది ఆయన కళ కాదు, అరువు తెచ్చుకున్న పద్ధతి. మీ కేలెండరు దేవుళ్ల సంగతీ అంతేనేమోనని నా అనుమానం.

1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు బందరులో నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలకు 1920ల తొలి రోజుల్లో ఆయన వచ్చారు. బెంగాలీ గురువు, తెలుగు శిష్యులు. గీతకు భాష అడ్డమా? ఆ శిష్యుల్లో అడివి బాపిరాజుగారు ఒకరు. లా చదివిన మనిషి కుంచె పట్టి, కలమూ పట్టి, 1934లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు.

ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని దివిసీమ వెళ్లిరండి. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చోండి. బొమ్మ వేయాలని కాదు, ఊరికే చూడటానికి. ఇంటికొచ్చాక పక్కింటి పాపను పిలిచి రంగుల పెట్టె దాని ముందు పెట్టండి. అది నీళ్లు ఆకుపచ్చగా వేసినా దిద్దకండి. రెండో కుంచె అడిగితే మాత్రం, అది మీరు పట్టుకోండి.