వేగముచే గెలిచిన పాట

మాటలు మారలేదు, పాడినవాడును మారలేదు. దరువును వేగమును మాత్రమే మారినవి. అంతమాత్రమున నొక పాట ఆంగ్లదేశపు అమ్మకముల పట్టికలో 60వ స్థానమునుండి 1వ స్థానమున కెక్కినది. ఇది పాటకు గలిగిన గౌరవమని కొందఱు సంబరపడుదురు. మేము మాత్ర మట్లు తలంపజాలము.

1991లో ఇంగ్లండునందలి లెస్టరు పట్టణమున కార్నర్‌షాప్ అను ఇండీ రాక్ బృందము పుట్టెను. పెద్ద రికార్డు కంపెనీల యండ నపేక్షింపక చిన్న సంస్థలద్వారా పాటలు వెలువరించు సంప్రదాయమునుండి వచ్చినదే ఇండీ యను పేరు. బృందనాయకుడగు టిజిందర్ సింగ్ పంజాబీ కుటుంబమువాడు. ఆ దేశమున మనవారనగా వీధిమూల దుకాణము నడుపుకొనువారే యను హేళన గలదు. ఆ హేళననే బృందము తనకు బేరుగా బెట్టుకొనెను.

ఈ బృందము 1997 ఆగస్టులో ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’ యను సింగిల్‌ను వెలువరించెను. అది మన ఆశా భోస్లేను గూర్చిన పాట. తెరవెనుక నిలిచి తెరమీది బొమ్మకు గొంతు నిచ్చు గాయనీగాయకులకు సమర్పించిన నమస్కార మది. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీల పేర్లును దానియం దున్నవి. నిమిషమునకు 45 మారులు తిరుగు చిన్న రికార్డు అలసిన మనస్సున కెట్టి యోదార్పు నిచ్చునో యా పాట చెప్పును. ఆశ యనగా గాయని పేరు మాత్రమే కాదు, నమ్మికయు నని మనకు వేఱుగా జెప్పవలసిన పని లేదు.

ఇట్టి పాటను జనులు మొదట నెట్లాదరించిరి? 60వ స్థానమున నిలిపిరి. బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ కార్యక్రమమును వినువారు మాత్రము ఆ యేటి పాటలలో దీనికే ప్రథమస్థాన మిచ్చిరి. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అను పేర బ్రసిద్ధుడైన నార్మన్ కుక్ దీని వేగము పెంచి, నాట్యశాలలకు దగిన దరువు జేర్చి రీమిక్స్ చేసెను. 1998 ఫిబ్రవరిలో నదియే పట్టికలో మొదటి పాట యయ్యెను.

‘రీమిక్స్ లేకున్న నీ పాట నెవరు విందురు?’ అని యడుగువారు గలరు. కుక్ నేర్పును మేము కాదనము. నాట్యము తప్పనియు ననము. కాని విన నేర్చినవారు మూలమునందే దాని విలువ గనుగొనిరి గదా! లోపము పాటయందు గాదు, తొందరపడు చెవులయందు. కాలు గదిపినవారిలో ‘ఈ ఆశ యెవరు?’ అని యడిగినవా రెందఱు? నమస్కారమును గేకగా మార్చి, నమస్కారము నందుకొనవలసినవారిని మఱచుట గౌరవ మగునా?

ఆంగ్లేయులను నిందించి మనము తప్పించుకొనజాలము. 1949లో ‘మహల్’ చిత్రమున లత పాడిన పాట రికార్డుపై మొదట లత పేరు లేదు. కామిని యను పాత్ర పేరచ్చువేసిరి. నేడును మన యిండ్లలో నుదయము మొదలు రాత్రివఱకు సినిమాపాటలు మ్రోగును. నటుని పేరు పసిబిడ్డకును దెలియును. పాడిన స్త్రీ పేరు ఇంటి యజమానికిని దెలియదు. ఆమె పాటకు దలయూచు తండ్రియే, తన కూతురు పాటను జీవనోపాధిగా గొందునన్నచో ముఖము చిట్లించును. గొంతు కావలెను, గొంతు గల మనిషి వలదు! ఇంతకన్న నన్యాయ మేమి?

కాబట్టి చదువరులకు మా మనవి యొక్కటే. ఈ పాటను మూలరూపమున, తొందర లేక, యొక్కమారు వినుడు. పిదప మీ యింట మ్రోగు ప్రతి పాటకును బాడినవారి పేరు బిడ్డలకు జెప్పుడు. పాడినవా రెవరో తెలిసి వినుటయే గౌరవమునకు మొదటి మెట్టు.