గాలి లేని అతుకు

‘స్టెప్నీ’ అన్న మాటను మన డ్రైవర్లూ మెకానిక్కులూ ఎంత చనువుగా వాడతారంటే, అది వేల్సు దేశంలోని లానెల్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరని చెబితే నమ్మరు. 1904 ప్రాంతంలో డేవిస్ సోదరులు అక్కడ మోటారుకార్లకు అదనపు చక్రాలు తయారుచేశారు. ఆ చక్రం ఏనాడో పోయింది గాని, వీధి పేరు మాత్రం మన దగ్గర కాపురం పెట్టింది.

పాత స్కూటర్లకు ఈ స్టెప్నీని మోసుకుతిరిగే యోగం ఉండేది. మోటారుసైకిలుకు అది లేదు. వెనకటి బ్రిటిషు మోటారుసైకిళ్లకు మాత్రం చట్రానికే గాలిపంపు తగిలించే కొక్కేలుండేవి. రానురాను ఊరూరా పంక్చరు కొట్లు వెలిశాయి (బోర్డుల మీద ‘పంచర్’ అని రాస్తారు, నోటికి అదే సుఖం), పంపు మాయమైంది. ఊళ్లున్నచోట దానికి లోటేమీ లేదు. లేనిచోట?

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారినే తీసుకోండి. మన్ననూరు దాటితే నల్లమల అడవి, పులులున్న అడవి. వన్యమృగాల క్షేమం కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో బళ్లు పోనివ్వరు. భార్యనో తల్లినో వెనక కూర్చోబెట్టుకొని, సాయంకాలం చెక్‌పోస్టు దాటిన మనిషికి నడిమధ్యలో మేకు దిగిందనుకోండి. ఫోను చాలాచోట్ల పలకదు. పొద్దు వాలిపోతూ ఉంటుంది. అప్పుడు అతని సంచిలో ఏముందన్నదే ప్రశ్న.

ముందుగా తన బండికి ట్యూబు ఉందో లేదో తెలిసుండాలి. అల్లాయ్ చక్రాలకు చాలావరకు ఉండదు. స్పోకుల చక్రాలకు సాధారణంగా ఉంటుంది. అయితే ట్యూబులెస్ టైరులో కూడా ట్యూబు వేయించుకొనే మహానుభావులున్నారు. కాబట్టి టైరు మీది అక్షరాలు చదివి నిశ్చింతగా ఉండకుండా, మెకానిక్కును అడిగి తెలుసుకోవడం మేలు.

ట్యూబు లేకపోతే పని సులువు. కనిపించిన మేకును కంగారుపడి పీకకండి. మిగిలిన గాలి కాస్తా పోతుంది. సరంజామా అంతా బయటపెట్టుకొని, అప్పుడు కటింగ్ ప్లేయరుతో లాగండి. గరుకు సూదిని రంధ్రంలోకి రెండు మూడుసార్లు ఆడించి, రబ్బరు పురిని రెండో సూది కంట్లో ఎక్కించి, సొల్యూషన్ పూసి, కొసలు అరంగుళం బయట ఉండేటట్టు దించి, సూదిని చటుక్కున లాగెయ్యాలి. పురి లోపలే బిగుసుకుంటుంది. సబ్బునీళ్లు పోసి చూడండి, బుడగలు రాకపోతే నిలిచినట్టే. ఇదంతా నేలకు తగిలే భాగంలోనే సుమండీ! టైరు పక్కగోడ చీలితే ఈ వైద్యం పనికిరాదు.

ట్యూబు ఉంటే మాత్రం చక్రం ఊడదియ్యాలి. ఇరుసు నట్టుకు సరిపోయే స్పానరు, టైరు విప్పే రెండు మూడు పట్టీలు, అదనపు ట్యూబు కావాలి. ఒకసారి ఇంటి దగ్గర తీరుబడిగా విప్పి చూసినవాడికే దారిలో చెయ్యి ఆడుతుంది. అలవాటు లేని చేతిలో ఆ పట్టీలే కొత్త ట్యూబును కొరికేస్తాయి.

ఇక అసలు సంగతి గాలి. పురులూ సూదులూ కొని మురిసిపోయేవాళ్లలో చాలామంది దీన్ని మరుస్తారు. మా కాలేజీలో ఒక మిత్రుడు, లెక్కల మనిషి, దారిలో రంధ్రాన్ని పూడ్చడమైతే చక్కగా పూడ్చాడు. టైరు మాత్రం అప్పడంలా నేలకంటుకొని ఉంది. గంటసేపు నిలబడ్డాక ఒక లారీ డ్రైవరు దయదలచి, తన బండి గాలి ట్యాంకు నుంచి గొట్టం పెట్టి నింపాడు. అన్ని దారుల్లోనూ అలాంటి లారీ రావద్దూ?

16 గ్రాముల కార్బన్ డయాక్సైడు బుడ్లు దొరుకుతున్నాయి. సైకిలుకు ఒకటి చాలు. మోటారుసైకిలు వెనక చక్రానికి రెండు మూడు పడతాయి, అయిపోతే అంతే. ఛార్జి చేసుకొనే చిన్న పంపు ముచ్చటైనదే గాని, ఆరు నెలలు సంచిలో నిద్రపోయినదాన్ని నమ్మలేం. బండి బ్యాటరీకి తీగ తగిలించే పంపు నయం. ఇంజను నడుస్తుండగా వాడాలి. నా ఓటు చేతిపంపుకే. వందల సార్లు కొట్టాలి, చొక్కా తడుస్తుంది, కాని అది ఎదురుచెప్పదు. ఎంత గాలి కొట్టాలో చాలా బళ్లకు చైను కవరు దగ్గర చీటీ మీద ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు మరికాస్త ఎక్కువ. అది చూసుకోవడానికి ఒక చిన్న గేజి ఉండాలి.

సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీస్తే కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది. ఏటా కొత్తది కొనండి, ఖరీదు స్వల్పమే. ఒక టార్చిలైటు కూడా పెట్టుకోండి, వెనక కూర్చున్నవారు పట్టుకుంటారు. పురి వేసిన టైరుతో వేగం తగ్గించి వెళ్లి, మొదట తగిలిన మంచి కొట్లో టైరు విప్పించి లోపలి నుంచి అతుకు వేయించండి.