దూరమెరిగిన తరంగం

గుండ్లకమ్మకు అడ్డంగా, ఇరుకైన కనుమ చూసి వేయడం వల్లనే చిన్న కట్ట కంభం చెరువంత నీటిని నిలిపింది. బలం కన్నా చోటు ఎంపిక గొప్పది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే నిస్తంత్రీ విద్యకు తగిన చోటు ఆలస్యంగా దొరికింది. 2002లో అమెరికా 3.1 నుండి 10.6 గిగాహెర్ట్‌జ్ వరకు దానిని అనుమతించినప్పుడు లోకం వేగాన్నే ఆశించింది. ఆ పందెంలో వైఫై నెగ్గింది. శక్తి అత్యల్పం, పరిధి స్వల్పమని దానిని తీసివేయడం తొందరపాటే. నానోసెకనులో కాంతి నడిచేది సుమారు 30 సెంటీమీటర్లు. అంతటి సూక్ష్మ స్పందనల రాకపోకల కాలాన్ని కొలిచి అది దూరాన్ని సెంటీమీటర్లలో తేల్చగలదు. సంకేతబలాన్నే నమ్మే కారు తాళాన్ని దొంగ సులువుగా వంచించగలడు: ఇంట్లోని తాళంచెవి సంకేతాన్ని బయటి కారుకు చేరవేస్తే చాలు. కాలాన్ని కొలిచే తాళం వద్ద మాత్రం ఆ చేరవేతలోని ఆలస్యమే అతడిని పట్టిస్తుంది.