ఉదయం నుండి ఒక్క పనీ కాలేదండి!

ఈ నెల మేము చంటిబిడ్డల తల్లులతో మాట్లాడదలచితిమి. వారి భర్తలును అత్తగార్లును కూడ చదివినయెడల మాకు మరింత సంతోషము.

గడచిన మాసములో మేమును మా సతీమణియు ఒక గృహదర్శనమునకు వెళ్లితిమి. ఆ సహోదరి మూడవ నెల బిడ్డతో పుట్టింటినుండి భర్తయొద్దకు, రెండు గదుల అద్దె ఇంటికి వచ్చి పది దినములైనది. మేము వెళ్లునప్పటికి పదకొండు గంటలు. తూము దగ్గర అంట్లు, దండెము మీద ఆరని గుడ్డలు, మంచము నిండ మడతపెట్టని బట్టలు. మాకు కూర్చుండ చోటు చూపలేక ఆమె కన్నీళ్లు పెట్టుకొన్నది. "ఉదయం నుండి ఒక్క పనీ కాలేదండి అయ్యగారూ. మా అత్తయ్యగారు నలుగురు పిల్లల్ని పెంచుతూ పొలం పనికి కూడా వెళ్లేవారట. నేను ఒక్క బిడ్డతోనే చేతకానిదాన్ని అయిపోయాను" అన్నది.

మేము ఏదో ఓదార్పు మాట చెప్పబోవుచుండగా మా సతీమణి ఒక కాగితము తీసికొని, "తెల్లవారుజామున లేచింది మొదలు ఏమేమి చేశావో చెప్పమ్మా" అని వ్రాయసాగెను. నాలుగున్నరకు పాలు, గుడ్డ మార్చుట. ఆరింటికి మరల పాలు. భర్తకు టిఫిను, క్యారియరు. ఎనిమిదింటికి పాలు, బిడ్డ కక్కుకొనగా ఇద్దరికిని బట్టలు మార్చుట. తొమ్మిదింటికి బిడ్డకు స్నానము, ఉయ్యాల. పదిన్నరకు మరల పాలు. కాగితము ఒకవైపు నిండినది. అందులో ఆమె టిఫిను తినిన మాట లేదు. అప్పటికి ఆమె తినలేదు!

సహోదరీ, ఒక చిన్న లెక్క చూడుము. మొదటి వారములలో బిడ్డ దినమునకు 8 నుండి 12 సార్లు పాలు త్రాగును. పదిసార్లని అనుకొందము. సారికి 25 నిముషములు వేసినను 250 నిముషములు. త్రేన్పు తీయించి గుడ్డ మార్చుటకు సారికి 10 నిముషములు కలిపిన మరి 100. మొత్తము 350 నిముషములు, అనగా ఆరు గంటలకు పది నిముషములే తక్కువ. స్నానము, ఉతుకు, రాత్రి మెలకువ ఇందులో చేరలేదు. బిడ్డ పెరిగినకొలది ఈ లెక్క తగ్గునుగాని, నేడు నీవు చేయుచున్నది నిండు పనియే.

ఉద్యోగము చేయు తల్లికి 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టము మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల సెలవును జీతముతో ఇప్పించినది. బిడ్డను సాకుట జీతమునకు తగిన పనియని చట్టమే ఒప్పుకొన్నప్పుడు, ఇంటనున్న తల్లి దానిని పనిలేమిగా ఎంచుకొననేల? ఇక అత్తగారి మాట. ఆమె కష్టము నిజమే. అయితే ఆమె ఇంటిలో ఆనాడు అవ్వ, తోడికోడలు, ఆడపడుచులు ఉండిరి. బిడ్డ చేతులు మారుచుండెను. నీ ఇంటిలో ఉన్నవి నీ రెండు చేతులే.

అట్లయిన ఇంటిపని సాగుట ఎట్లు? మా సతీమణి ఆ సహోదరికి చెప్పినవే ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటిది, రాత్రి పడుకొనబోవు ముందు మరునాటికి ఒక్క పని ఏర్పరచుకొనుము. పది కాదు, ఒక్కటే. అది ముగిసినచో ఆ దినము సఫలమైనట్లే. మిగిలినవి అయిన మేలు, కానిచో రేపు.

రెండవది, పగలు బిడ్డ మొదటిసారి నిద్రించినప్పుడు నీవు తిని, స్నానము చేయుము. రెండవ నిద్రలో ఏర్పరచుకొన్న పని చేయుము. మధ్యాహ్నపు నిద్రలో నీవును ప్రక్కన పండుకొనుము. రాత్రి పోయిన నిద్రకు అదొక్కటే అదను.

మూడవది, పనిని ముక్కలు చేయుము. ఒక కునుకులో కూర తరుగుట, మరియొక కునుకులో పొయ్యిమీద వేయుట. బిడ్డ ఏడ్చిన వెంటనే విడువదగిన పనినే చేపట్టుము. భర్త ఇంటనున్న వేళకే నూనె కాగు వంటలు పెట్టుకొనుము.

నాలుగవది, పాలిచ్చు చోట చెంబుతో నీళ్లు, ఒక పొడి గుడ్డ, తినుటకు ఏదైన ఉంచుకొనుము. పాలిచ్చునప్పుడు దాహమగును, లేవలేక దాహమును దిగమ్రింగుకొను తల్లులను మేము చూచితిమి.

భర్తలారా, ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లయినను అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ పనిని మీరు పంచుకొనలేరు. మిగిలినవన్నియు పంచుకొనవచ్చును. నీళ్లు పట్టుట, బిడ్డ గుడ్డలు పిండి ఆరవేయుట, రాత్రి ఒకసారి బిడ్డను భుజమున వేసికొని తిరుగుట మగవానికి చిన్నతనము కాదు.

మరియొక సంగతి. కాన్పైన మొదటి దినములలో ఊరక ఏడుపు వచ్చుట అనేకులకు కలుగును. సాధారణముగా రెండు వారములలో తగ్గిపోవును. అది తగ్గక నిద్రపట్టకుండుట, బిడ్డపై మనసు పోకుండుట, బ్రదుకుమీద విసుగు కలుగుట కనిపించినచో ఆలస్యము చేయక డాక్టరుకు చూపించుడి. అది సోమరితనము కాదు, భక్తిలోపమును కాదు. వైద్యముతో నయమగు జబ్బు.

ఆ దినము తిరిగివచ్చుచు, "ఆ కాగితము వ్రాయుట నీకెట్లు తోచినది?" అని మా సతీమణిని అడిగితిమి. కొంతదూరము ఆమె మాటాడలేదు. తరువాత, "మన పెద్దవాడు చంటివాడుగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం మీరు ఇంటికి వచ్చి, 'పగలంతా ఏం చేశావు?' అని అడిగారు. ఆ రాత్రి నేను ఒక కాగితం మీద అంతా వ్రాసుకున్నాను. మీకు చూపించలేదు" అనెను. ఇరువది యేండ్లుగా ఎందరో దంపతులకు బుద్ధి చెప్పుచున్న మాకు ఆ దారిలో ఒక్క మాటయు రాలేదు.

రెండు వారములైన తరువాత మరల ఆ ఇంటికి వెళ్లితిమి. తూము దగ్గర అంట్లు అట్లే ఉన్నవి. అయితే ఆ సహోదరి టిఫిను తిని, బిడ్డ ప్రక్కన నిద్రించుచుండెను. ఆమె భర్త కుళాయి దగ్గర గుడ్డలు పిండుచు, మెల్లగా మాటాడుమని మాకు సైగ చేసెను. మేము గుమ్మములోనే నిలిచి, ప్రార్థించుకొని తిరిగి వచ్చితిమి.

సహోదరులారా, నేటి సాయంత్రము ఇల్లు చేరగానే "ఏం చేశావు?" అని అడుగవద్దు. "తిన్నావా?" అని అడుగుడి.