ముసుగు తీస్తే మనిషే

అభ్యాసకులారా! ఈ వ్యాసం చదివే ముందు ఒక్కసారి మీ చిన్నతనాన్ని గుర్తు చేసుకోండి. రాత్రివేళ దండెం మీద ఆరేసిన తెల్లపంచె గాలికి కదిలితే గుండె ఝల్లుమన్న సందర్భం మీకూ ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు దీపం తెచ్చి చూపించాక, అది పంచె అని తెలిశాక, మీకే నవ్వు వచ్చి ఉంటుంది. ఆ భయం పోవడానికి మంత్రం అక్కరలేదు, దీపం చాలు. ఈ చిన్న విషయం చుట్టూనే అమెరికాలో ఒక బొమ్మల కథ అల్లారు. అది యాభై ఏళ్లకు పైగా పిల్లలను నవ్విస్తోంది. ఆ కథ ఆధారంగా నటీనటులతో తీసిన ఒక సినిమా గురించి నా అభిప్రాయం మీకు చెబుతాను.

ఆ బొమ్మల కథ పేరు స్కూబీ-డూ. హన్నా-బార్బెరా సంస్థ తయారుచేసిన ఈ ధారావాహిక 1969 సెప్టెంబరులో సీబీఎస్ టెలివిజన్‌లో మొదలయింది. పిల్లల కార్టూన్లలో కొట్లాటలు ఎక్కువయ్యాయని అమెరికాలో తల్లిదండ్రులు ఆందోళన పడుతున్న రోజులవి. అందువల్ల కొట్లాట లేకుండా ఉత్కంఠ కలిగించే కథ కావలసి వచ్చింది. ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ అనే నలుగురు యువతీయువకులు, స్కూబీ అనే పిరికి కుక్క ఒక వ్యానులో ఊరూరా తిరుగుతారు. ఎక్కడో ఒకచోట దయ్యం కనిపిస్తుంది. వాళ్లు ఆధారాలు వెదికి, దయ్యాన్ని పట్టుకొని, ముసుగు లాగేస్తారు. లోపల ఉండేది మనిషే! దొంగసొత్తు దాచుకోవడానికో, ఇతరుల ఆస్తి కాజేయడానికో వేసిన వేషం అది. మొట్టమొదటి భాగంలో మ్యూజియంలో తిరిగిన నల్ల కవచం భూతం, చివరికి ఆ మ్యూజియం అధికారే అని తేలుతుంది. విలువైన చిత్రాలను దొంగిలించి, వాటి స్థానంలో నకిలీలు పెట్టడం అతని పని.

ఈ కథను 2002లో నటీనటులతో సినిమాగా తీశారు. కుక్కను మాత్రం కంప్యూటర్ సాయంతో సృష్టించారు. దానికి కొనసాగింపుగా 2004 మార్చిలో ‘స్కూబీ-డూ 2: మాన్‌స్టర్స్ అన్‌లీష్డ్’ విడుదలయింది. దర్శకుడు రాజా గోస్నెల్, రచయిత జేమ్స్ గన్. నేను చెప్పదలచుకున్నది ఈ రెండో సినిమా గురించి.

కథ క్లుప్తంగా ఇది. మన బృందం గతంలో పట్టుకున్న దొంగల దయ్యపు దుస్తులన్నింటినీ ఒక మ్యూజియంలో ప్రదర్శనకు పెడతారు. ప్రారంభోత్సవం రోజునే రెక్కల భూతం ఒకటి వచ్చి అందరినీ చెదరగొడుతుంది. ముసుగు మనిషి ఒకడు ఆ దుస్తులను దొంగిలించి, యంత్రం సాయంతో వాటికి ప్రాణం పోస్తాడు. నిన్నటిదాకా ఉత్త వేషాలుగా ఉన్నవి ఈరోజు నిజమైన భూతాలై ఊరి మీద పడతాయి.

ఈ సినిమా వచ్చినప్పుడు సమీక్షకులు చాలామంది పెదవి విరిచారు. గోల్డెన్ రాస్ప్‌బెరీ అనే ఎగతాళి బహుమతుల్లో, అతి చెత్త పునర్నిర్మాణం లేదా కొనసాగింపు అన్న బహుమతి దీనికే దక్కింది. హాస్యం ముతకగా ఉందని, సందడే తప్ప కథ లేదని వాళ్ల ఫిర్యాదు. నా ఫిర్యాదు వేరు. ముసుగు తీయడం ఈ కథకు ప్రాణం. వేషానికే ప్రాణం పోస్తే ఇక తీయడానికి ముసుగు ఏదీ? పట్టుకున్న భూతం తల లాగితే లోపల మనిషి లేనప్పుడు, ఆధారాలు వెదకడం దేనికి? ఆలోచించే పిల్లలు కాస్తా పరుగెత్తే పిల్లలవుతారు. ఈ తప్పు ఈ సినిమాతోనే మొదలు కాలేదు. 1985లో వచ్చిన ఒక స్కూబీ ధారావాహికలోనే నిజం దయ్యాలు ఉన్నాయి. కాని మొదటి ధారావాహికలోని దొంగవేషాలనే తీసుకొని వాటిని నిజం చేయడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఈ సినిమాను నేను మా చెల్లెలి కొడుకుతో కలిసి ఇంట్లో చూశాను. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మొదట్లో పడిపడి నవ్వాడు. దుస్తులు లేచి నడవడం మొదలుపెట్టగానే నా దగ్గరకు జరిగి, “పెద్దమ్మా, బొమ్మల్లో దయ్యం దొంగే కదా! ఇక్కడ నిజం దయ్యం ఎలా వచ్చింది?” అని అడిగాడు. ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. బొమ్మల కథ వాడికి ఇచ్చిన ధైర్యాన్ని ఈ సినిమా ఒక్క గంటన్నరలో తిరిగి తీసేసుకుంది.

“సినిమా అంటే వినోదం. పిల్లలు నవ్వితే చాలదా? దానికి ఇంత చర్చ ఎందుకు?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని మన చుట్టూ చూడండి. చేతబడి చేశారన్న అనుమానంతో సాటి మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు మన పల్లెల్లో జరిగాయి. అటువంటి చోట తరచి చూస్తే చాలాసార్లు పొలం గట్టు తగాదానో, పాత పగో బయటపడుతుంది. భయం ముందు నిలబడి, “దీని వెనుక ఎవరున్నారు? ఈ భయం వల్ల ఎవరికి లాభం?” అని అడగడం బతుకులో పనికివచ్చే విద్య. ఆ విద్యను నవ్విస్తూ నేర్పిన కథ కనుకనే దాని గురించి ఇంతగా పట్టించుకుంటున్నాను.

అయితే దోషాలు మాత్రమే చెప్పి ఊరుకుంటే అది సమీక్ష అనిపించుకోదు. ఈ సినిమాలో నాకు నచ్చినవి రెండు ఉన్నాయి.

మొదటిది, ఇందులో మంచివాళ్లు కూడా ముసుగులు వేసుకుంటారు. తెలివైన వెల్మా తనకు నచ్చిన యువకుని మెప్పించడానికి తనకు నప్పని దుస్తుల్లో ఇబ్బంది పడుతుంది. తాము దేనికీ పనికిరామని కుంగిపోయిన షాగీ, స్కూబీ గొప్ప పరిశోధకుల్లా నటించబోయి అభాసుపాలవుతారు. చివరికి యంత్రాన్ని ఉపయోగించి భూతాలను మళ్లీ ఉత్త దుస్తులుగా మార్చేది ఎవరనుకుంటున్నారు? ఆ పిరికి కుక్కే! చదువు మధ్యలో ఆగినందుకు తమను తాము తక్కువ చేసుకునే వారికి ఈ భాగం తప్పక నచ్చుతుంది.

రెండవది, టెలివిజన్ విలేకరి పాత్ర. “నేనేమన్నా ఈమె ముక్కలు చేసి, ఈ ఊరు చెత్త అని నేను అన్నట్లు చూపిస్తుంది” అని ఫ్రెడ్ వాపోతాడు. ఆమె సరిగ్గా ఆ చివరి ముక్కనే కత్తిరించి ప్రసారం చేస్తుంది. ఊరంతా అతని మీద తిరగబడుతుంది. చేతిలోని ఫోన్‌లోనే ఇటువంటి కత్తిరింపులు రోజూ వచ్చిపడుతున్న ఈ కాలంలో, ఆ ఒక్క దృశ్యం ఒక పాఠంతో సమానం. చివరికి ఆ విలేకరి ముఖం కూడా ముసుగే అని తేలుతుంది. దాని వెనుక ఉన్నది, చనిపోయాడని అందరూ నమ్మిన పాత నేరస్థుడు. అంటే నిజం భూతాలతో అంత హంగామా చేసిన సినిమా కూడా, ముగింపు కోసం పాత ముసుగు దగ్గరకే తిరిగి రావలసి వచ్చింది. అసలు బలం ఎక్కడ ఉందో దానికీ తెలుసునన్నమాట!

కాబట్టి నా తీర్పు ఇది: ఈ సినిమా పిల్లలకు చూపించండి, కాని ఒంటరిగా వదలకండి. వీలైతే ముందు 1969 నాటి బొమ్మల కథ ఒకటి చూపించండి. తర్వాత సినిమా చూస్తూ, “దీని వెనుక ఎవరుంటారు?” అని వాళ్లనే అడగండి. ఆ ప్రశ్న వాళ్ల నోట ఒకసారి పలికితే, రేపు దండెం మీద పంచె కదిలినప్పుడు వాళ్లే దీపం పట్టుకొని వెళతారు.

ఇది నా అభిప్రాయం మాత్రమే. దీనితో మీరు ఏకీభవించవలసిన అవసరం లేదు. అయితే కాదనేటప్పుడు కారణం చూపండి.

ఆలోచించి రాయండి:
1. ఈ వ్యాసంలో సినిమా కథ చెప్పిన వాక్యాలు ఏవి? రచయిత్రి అభిప్రాయం తెలిపిన వాక్యాలు ఏవి? రెండేసి గుర్తించండి.
2. మీరు చిన్నప్పుడు భయపడి, తర్వాత అసలు విషయం తెలుసుకున్న ఒక సంఘటనను పది వాక్యాలలో రాయండి.