నర్సింగా? అదీ క్రిస్టియన్ కాలేజీలోనా?

డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నా" అంటే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అదే అమ్మాయి "నర్సింగ్ చదువుతా" అంటే ఫోన్‌లో అత్తగారు కాసేపు ఏమీ మాట్లాడరు. "సెయింట్ పీటర్స్‌లో సీటు చూస్తున్నా" అంటే ఇక రెండు వైపుల వాళ్ళూ కంగారు పడతారు. జెర్సీ సిటీలో ఉన్న మనకి ఇది కొత్తేం కాదు. నా మట్టుకు నాకు ఈ రెండు భయాలూ అర్థం లేనివే. భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు మతం సంగతి. సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ జెస్యూట్ ఫాదర్లు 1872లో మొదలుపెట్టింది. డిగ్రీలో థియాలజీ, ఫిలాసఫీ క్లాసులు ఉంటాయి, నిజమే. అవి రాసి పాసవ్వాల్సిన సబ్జెక్టులు, అంతే. విజయవాడ లొయోలా కాలేజీ కూడా ఆ జెస్యూట్లదే కదండీ! కొడుక్కి అక్కడ సీటు కోసం సిఫార్సు ఉత్తరాలు పట్టుకుని తిరిగిన మావగార్లకి కోడలి దగ్గరికొచ్చేసరికి మతం గుర్తొస్తుందా?

అసలు అడ్డం మతం కాదు, నర్సు అన్న మాట. పరాయివాళ్ళ ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రి డ్యూటీలు... మడీ మైలా పట్టింపులున్న ఇళ్ళల్లో ఆడపిల్లని ఆ పనికి పంపలేదు. పెన్సిల్వేనియాలో పుట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు పెడితే, 1946కల్లా అది డిగ్రీ చదువైంది. ఇలాంటి చోట్ల నర్సులుగా చేరినవాళ్ళు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలే. మన అమ్మమ్మలెందరికో పురుళ్ళు పోసింది వాళ్ళ చేతులే. పురుడు పోసుకోవడానికి లేని నామోషీ చదువుకోవడానికి ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక నిజంగా లెక్క చూసుకోవాల్సినవి. హెచ్-4 మీద ఫుల్‌టైమ్ చదువుకోవచ్చు, కానీ ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు. ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ళ ఫీజు చిన్న మొత్తం కాదు. పైగా డిగ్రీ వచ్చినంత మాత్రాన పని అనుమతి రాదు. 2015 నుంచి హెచ్-4 వాళ్ళకి ఇస్తున్న పని అనుమతి కూడా అందరికీ కాదు. మీ ఆయన ఐ-140 ఆమోదం పొందాలి, లేదా ఆరేళ్ళు దాటాక ప్రత్యేక నిబంధన కింద ఆయన హెచ్-1 పొడిగించి ఉండాలి. ఆ కాగితం ఏ దశలో ఉందో చూడకుండా బంగారం తాకట్టు పెట్టి ఫీజు కట్టొద్దని నేను గట్టిగా చెప్తాను. సెయింట్ పీటర్స్ అయినా ఇంకోటైనా సరే.

జర్నల్ స్క్వేర్‌లో హడ్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ ఉంది. అక్కడి అసోసియేట్ డిగ్రీతోనూ రాసేది అదే ఎన్‌క్లెక్స్ పరీక్ష. కనీసం 85, గరిష్ఠం 150 ప్రశ్నలు. మన జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఇస్తుంది. లైసెన్సు వచ్చాక, పని చేసుకుంటూ బీఎస్సెన్ పూర్తి చేయొచ్చు. పాత్ ఎక్కి మన్‌హాటన్‌లో ఉద్యోగం చేద్దామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 2017 చట్టం ప్రకారం న్యూయార్క్‌లో కొత్తగా రిజిస్టర్ అయ్యే నర్సులు పదేళ్ళలోపు బ్యాచిలర్స్ చూపించాలి. చేతిలో డబ్బుండి, నాలుగేళ్ళు ఒకేచోట కుదురుగా చదవగలిగితే సెయింట్ పీటర్స్ మంచిదే. లేకపోతే కమ్యూనిటీ కాలేజీ దారే నాకు నచ్చుతుంది.

అన్నిటికన్నా ఇంట్లో ఎక్కువ గొడవ తెచ్చేది క్లినికల్స్. ఆ రోజుల్లో తెల్లవారకముందే ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు, సెలవు అడగడం కుదరదు. పిల్లకి జ్వరమొస్తే ఎవరుంటారు, స్కూలు నుంచి ఎవరు తెస్తారు, ఆ పూట వంటెవరిది? అప్లికేషన్ నింపేముందే మీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ మూడూ తేల్చుకోండి. ఇండియాలో ఉన్న అత్తగార్లూ అమ్మలూ ఇది చదువుతుంటే, "ఎందుకమ్మా ఈ చదువు" అనే బదులు మొదటి సెమిస్టర్‌కి టికెట్ ఎప్పుడు తీసుకోవాలో అడగండి.