మైటోకాండ్రియా: రెండో మార్కు ఎవరికి?

మైటోకాండ్రియా అంటే ఏమిటని ప్రశ్నిస్తే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "కణ శక్త్యాగారాలు" అంటుంది. పరీక్షలో దానికి రెండు మార్కులు పడతాయి. నన్నడిగితే ఒక్క మార్కే ఇవ్వాలి. ఆ శక్త్యాగారంలోని యంత్రాల భాగాలు ఎలా తయారవుతాయో చెప్పినవారికే రెండో మార్కు!

మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఏ. ఉంది. మానవుడిలో దాని పూర్తి క్రమాన్ని 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు చదివారు. అందులోని జన్యువులు 37. వాటిలో ప్రోటీన్లకు చెందినవి 13. ఈ 13 ప్రోటీన్లూ ఏ.టి.పి. తయారీ యంత్రాంగంలోని భాగాలే. వాటిని మైటోకాండ్రియా తన సొంత రైబోసోముల మీద తయారు చేసుకుంటుంది.

ఈ పనిలో ఒక హమాలీ ఉన్నాడు. పేరు ఇ.ఎఫ్.-టి.యు. అదీ ఒక ప్రోటీనే. మిల్లుకు ధాన్యం బస్తా మోసినట్లు ఇది ఎమినో ఆమ్లాన్ని, దాన్ని పట్టుకున్న టి-ఆర్.ఎన్.ఏ.తో సహా రైబోసోముకు చేరవేస్తుంది. చీటీలో రాసిన సరుకుతో సరిపోతేనే దించి, మరో బస్తాకు పోతుంది. వింత ఏమంటే, మన ఈ ప్రోటీన్‌నూ, ఇ. కోలై బాక్టీరియాలోని దాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి పైగా ఎమినో ఆమ్లాలు ఒకటే! నూరు కోట్ల ఏళ్ళకు పూర్వమే ఒక బాక్టీరియా మరో కణంలో కాపురం పెట్టి మైటోకాండ్రియా అయిందనడానికి ఇదొక సాక్ష్యం. ఇప్పుడు దీని జన్యువు మాత్రం కణకేంద్రకంలో ఉంది. అది చెడితే పసిపిల్లల మెదడు దెబ్బతింటుందని 2007లో తేలింది.

చిక్కు కూడా ఈ పోలికలోనే ఉంది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో ఫిస్కేతో కలిసి కండరాలలో ఏ.టి.పి.ని కనుగొన్నారు గదా. తరువాత ఆయన లెడర్లీ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడి డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. బాక్టీరియా రైబోసోములో హమాలీ బస్తా దించే చోటునే అది ఆక్రమిస్తుంది. ఇక ప్రోటీన్లు లేవు, బాక్టీరియా పెరగదు. మోతాదు మించితే మన మైటోకాండ్రియాలోనూ అదే తంతు! క్లోరాంఫెనికాల్ కూడా మైటోకాండ్రియా ప్రోటీన్ల తయారీని ఆపి, ఎముక మజ్జలో రక్తకణాల పుట్టుకను మందగింపజేయగలదు. అరుదుగా కొందరి ప్రాణాలే తీస్తుంది. మన దేశంలో రొయ్యల చెరువుల్లో దాన్ని వాడటం నిషేధం. కొల్లేరు చుట్టుపక్కల పిల్లలు ఈ పేరు వినే ఉంటారు. మైటోకాండ్రియా రైబోసోములో ఒక్క అక్షరం మారిన కుటుంబాల్లోనైతే స్ట్రెప్టోమైసిన్ జాతి ఇంజక్షన్లకు వినికిడే పోవచ్చు. ఆ మార్పు తల్లి నుంచే వస్తుంది.

ఈ మందులు లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపాయి. వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. డాక్టరు రాస్తే, రాసినన్ని రోజులూ మింగవలసిందే. కాని జలుబు తెచ్చేది వైరస్, దానికి సొంత రైబోసోమే లేదు. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపుకు మిమ్మల్ని పంపితే, ఆ మాత్ర ఎవరి రైబోసోమును ఆపడానికో ఇంట్లో పెద్దలను అడగండి.